హోదాకు తగ్గ హెల్మెట్

రాష్ట్ర గోనెసంచుల నాణ్యతా పర్యవేక్షణ సంస్థ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో సగం మంది అందులోనే పనిచేస్తుంటారు. ఆ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో గొర్లె రాజ్యలక్ష్మి ఏళ్ళ తరబడి గుమాస్తాగా కూర్చుని, తను ఎన్నడూ చూడని జనపనార మిల్లుల గురించి, ఎన్నడూ ముట్టుకోని సంచుల గురించి నివేదికలు టైపు కొట్టింది. అందుకే తనిఖీదారుగా ప్రమోషన్ వచ్చిన రోజున, జీతం పెరిగినందుకు కాదు, ఇక ఆ నాలుగు గోడల మధ్య నుంచి బయటపడి మిల్లుల వెంట తిరగొచ్చన్నందుకు సంబరపడింది.

తనిఖీదారుకు మోటారు సైకిలు నడపడం రావాలి. రాజ్యానికి పెళ్ళికి ముందు నుంచే వచ్చు. భర్త సూర్నారాయణ బస్సు డ్రైవరు. ఆయన తన బండి తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను పొద్దస్తమానం బస్సు మీదే ఉంటాను. ఇంటికాడ ఇది ఊరికే తుప్పు పడతంది, తీసుకుపో. గానీ హెల్మెట్ మాత్రం మంచిది కొనుక్కో. రోడ్ల మీద ఏటేటి జరుగుతాదో నేను రోజూ సూస్తన్నాను" అన్నాడు.

ఆదివారం ఇద్దరూ హెల్మెట్ల దుకాణానికి వెళ్ళారు. కొట్టువాడు ముందుగా పువ్వులున్న గులాబీ రంగుది తీశాడు.

"ఆడోళ్ళకి ఇదే పోతందండి."

రాజ్యం బొటనవేలితో లోపల అట్ట నొక్కింది. అది లొత్త పడి అలాగే ఉండిపోయింది. పక్కన పెట్టేసింది. రెండోది పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే, తల ఆగినా అది ఆగలేదు. మూడోది నుదుటి మీద పట్టకారులా పట్టేసింది. చివరికి తెల్లటిది ఒకటి దొరికింది. మొహమంతా కప్పేది, ముందు అద్దం తేటగా ఉన్నది. బుగ్గల్ని గట్టిగా అదుముతోందే కానీ ఎక్కడా నొప్పి పెట్టడం లేదు. గడ్డం కింద పట్టీ బిగించి, వెనక నుంచి పైకి లాగమని మొగుణ్ణి అడిగింది.

"వస్తోందా?"

"హెల్మెట్ రావట్లేదు గానీ, నువ్వు లేచి వచ్చీసేలా ఉన్నావు" అన్నాడు సూర్నారాయణ.

అదే కొంది. దాంతో పాటు మోచేతుల దగ్గర మందంగా ఉన్న జాకెట్టు, చేతులకు గ్లౌజులు, చీలమండలు కప్పే బూట్లు తీసుకుంది. ఇంటికొచ్చాక అన్నీ తొడుక్కుని అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకుంది.

ఆ ఆదివారమే ప్రాంతీయ సంచాలకులు త్రివిక్రమరావు గారు కొండ మీది విడిదిలో జరిగిన భద్రతా శిక్షణ ముగించుకుని ఊళ్ళోకి దిగారు. ఆ సంగతి రాజ్యానికి తెలియదు.

సోమవారం పొద్దున్న ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలసూరి రెండు చేతులూ అడ్డంగా చాపాడు.

"ఆపండి మేడం. ఇది అనుమతి లేని హెల్మెట్టండి."

"ఏం అనుమతి? ఐఎస్ఐ మార్కుంది, చూడు."

"ఆ మార్కు గవర్నమెంటుదండి. మన ఆఫీసుది కాదు."

"సరే, తీసేసి వస్తాను."

అప్పలసూరి గోడకు కొత్తగా అంటించిన, సంచాలకుల సంతకమున్న సర్క్యులర్ కేసి చూపించాడు. "హెల్మెట్ లేకుండా రాకూడదని పైనుందండి. అనుమతి లేంది పెట్టుకు రాకూడదని కిందుంది."

"మరి అనుమతి ఉన్నది ఏది?"

"అది ఎంచడానికి సంఘం ఏస్తారటండి. అందాకా మలుపు కాడ దిగిపోయి బండి తోసుకుంటా రమ్మన్నారు. తోసీవోడు రైడరు కాడని మన సూపరింటెండెంటు గారు కనిపెట్టేరు."

రాజ్యం వెనక్కి తిరిగి చూసింది. మలుపు నుంచి గేటు దాకా ఆఫీసు ఆఫీసంతా వరసగా బళ్ళు తోసుకుంటూ వస్తోంది. అది చూసి టీకొట్టు దగ్గరి జనం ఊళ్ళో పెట్రోలు అయిపోయిందనుకున్నారు. మధ్యాహ్నానికి బంకుల దగ్గర క్యూలు కట్టారు. సాయంత్రానికి పెట్రోలు నిజంగానే అయిపోయింది.

అదంతా ఎలా ఉన్నా, తనిఖీలు ఆగిపోవడమే రాజ్యాన్ని బాధించింది. మిల్లు ఊరికి చాలా దూరం. అంత దూరం బండి తోసుకుపోవడం కుదరదు కనక, హెల్మెట్ ఎంపికయ్యే దాకా తనిఖీలన్నీ వాయిదా వేస్తూ ఇంకో సర్క్యులర్ వచ్చింది. అప్పుడే కోతలు ముగిసి ధాన్యం సంచులకెక్కుతోంది.

ఆ వారంలోనే ఆమె చిన్నాన్న సన్యాసినాయుడు చంకలో ఒక గోనెసంచి పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. దాన్ని విప్పి ఆమె ముందు ఎత్తి పట్టుకున్నాడు. అవతల ఉన్న ఫ్యాను అందులోంచి కనిపిస్తోంది.

"అమ్మీ, సంచంటే ఇదేనా? కాటా కాడికి ఎల్లేసరికి సగం ధాన్నెం దారిలోనే ఉండిపోనాది. ఊళ్ళో కోళ్ళన్నీ నా బండెనకాల ఊరేగింపు."

"మిల్లుకు ఎవరూ వెళ్ళడం లేదు చిన్నాన్నా. అందుకే వాళ్ళు పాత నార కలిపేస్తున్నట్టున్నారు."

"మా పిల్ల సంచుల ఆఫీసరైపోనాదని నేనే ఊరంతా సెప్పుకున్నాను. ఇప్పుడు సంచి సిరిగినోడల్లా మా గుమ్మంలోకే వస్తన్నాడు. నాకు వేరే పనేటి నేదు. నిన్ను ఎనకేసుకు రావడానికే సరిపోతంది."

ఆయన నవ్వుతూనే అన్నాడు. రాజ్యానికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన్ని పంపించి, ఆ సంచి పట్టుకుని నేరుగా సంచాలకుల గదిలోకి వెళ్ళింది.

త్రివిక్రమరావు గారు మంచి మనిషి. ఎవరి మీదా కోపగించుకోరు. ఎవరి మాటా వినరు. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని ఆలకించి, "రాజ్యలక్ష్మి గారూ, సంచి చిరిగితే మరొక సంచి వచ్చును. శిరస్సు?" అన్నారు.

"నా శిరస్సుకు హెల్మెట్ ఉందండి. మంచిదే చూసి కొన్నాను."

"అదేనమ్మా ఇబ్బంది. అది కొనబడినది. ఎంపిక కాబడినది కాదు." ఆయన కళ్ళు తెరిచారు. "మీకు ఇంత ఆసక్తి ఉన్నది కనుక మిమ్మల్ని శిరస్త్రాణ ఎంపిక సంఘంలో సభ్యురాలిగా నియమిస్తున్నాను."

సంఘం మర్నాడే సమావేశమైంది. అధ్యక్షత వహించినవాడు సూపరింటెండెంటు భోగేశ్వరం. నియమాల్లో ఆయనకు తెలియనిది లేదు. తెలియనిది కావలసొస్తే అక్కడికక్కడే పుట్టించేవాడు. అందరి తలలూ కొలిచి కొలత ప్రకారం హెల్మెట్లు తెప్పిద్దామని రాజ్యం చెప్పింది. సంఘం ఆ మాటను మెచ్చుకుంది. మర్యాద కనక, సంచాలకుల తలతోనే మొదలుపెడదామని తీర్మానించింది.

భోగేశ్వరం టేపు పట్టుకుని సంచాలకుల తల చుట్టూ తిప్పి, అంకె చూశాడు. ఇంకోసారి చూశాడు. బడిపిల్లల టోపీల దుకాణంలో తప్ప ఆ అంకె ఎక్కడా పలకదు.

"ఎంత?" అన్నారు సంచాలకులు.

"టేపు సాగిపోయిందండి" అన్నాడు భోగేశ్వరం. టేపు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు.

అందరూ మళ్ళీ సంఘం గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. తర్వాత భోగేశ్వరం గొంతు సవరించుకున్నాడు.

"తల కొలత అనేది ఉద్యోగి వ్యక్తిగత విషయము. అందులో సంస్థ జోక్యం చేసుకోరాదు. సంస్థ గుర్తించేది హోదాను మాత్రమే. కావున హోదాను బట్టి హెల్మెట్. అటెండర్లకు, వాచ్‌మన్‌కు స్మాల్. గుమాస్తాలకు, తనిఖీదార్లకు మీడియం. సూపరింటెండెంట్లకు లార్జ్. సంచాలకుల వారికి ఎక్స్‌ట్రా లార్జ్."

"తలకంటే పెద్ద హెల్మెట్ కళ్ళ మీదికి జారిపోతుందండీ" అంది రాజ్యం.

"హోదాకు తలే ఎదుగుతుంది లెండి" అన్నాడు భోగేశ్వరం. ఆ వాక్యం నచ్చి దాన్ని మినిట్స్‌లో రాయించాడు.

మిగతా సరంజామా కూడా ఆ సమావేశంలోనే తేలిపోయింది. ప్రమాదం జరిగితే కిందిస్థాయి ఉద్యోగులు మోకాళ్ళ మీద పడతారని, పైస్థాయివారు మోచేతుల మీద ఆనుకుంటారని సంఘం భావించింది. కనక వాళ్ళకు మోకాలి గార్డులు, వీళ్ళకు మోచేతి గార్డులు మంజూరయ్యాయి. సంచాలకులు ఎలా పడతారో ఊహించడం మర్యాద కాదు కనక, ఆయనకు అన్నీ ఇచ్చారు. జాకెట్లూ గ్లౌజులూ మాత్రం అందరికీ ఒకటే.

సరుకు దిగింది. అప్పలసూరిది ఆఫీసులోకల్లా పెద్ద తల. స్మాల్ హెల్మెట్ దాని మీద మూకుడులా నిలబడింది. పడిపోకుండా గడ్డం కింది నుంచి తాడు కట్టుకున్నాడు. భోగేశ్వరానికి తన లార్జ్‌లోంచి బూట్లు మాత్రమే కనిపించేవి. రాజ్యానికి మీడియం చెవుల దగ్గరే ఆగిపోయింది. దాంతో బండెక్కితే చావు ఖాయమని ఆమె రాసిచ్చింది. అభ్యంతరం ఫైలు చేయబడినదని జవాబొచ్చింది. ఆ హెల్మెట్లతో బండెక్కే ధైర్యం మిగతావాళ్ళకూ లేదు. కనక అనుమతి వచ్చాక కూడా అందరూ తోసుకునే వస్తున్నారు. కాకపోతే ఇప్పుడు హెల్మెట్లు పెట్టుకుని తోస్తున్నారు.

ప్రమాదం రోడ్డు మీదే జరుగుతుందని ఎక్కడా రాసిలేదని సంచాలకులకు తోచిన తర్వాత ఆఫీసు లోపల కూడా పూర్తి సరంజామా తప్పనిసరైంది. బస్సులో వచ్చేవాళ్ళు, నడిచొచ్చేవాళ్ళు కూడా తొడుక్కున్నారు. గ్లౌజులతో పేజీ తిప్పడం రాక ఫైళ్ళు చదవకుండానే సంతకాలయ్యాయి. పనిలో ఏ తేడా రాలేదు. హాజరు యంత్రం మాత్రం మొదటిరోజు ఎవరి మొహాన్నీ గుర్తుపట్టక అందరికీ ఆబ్సెంటు వేసింది. దాంతో అందరి హెల్మెట్ మొహాలనూ యంత్రంలో కొత్తగా ఎక్కించారు. ఆ తర్వాత ఎవరో ఒక్కరు వచ్చి ముందు నిలబడితే చాలు, మొత్తం సిబ్బందికి హాజరు పడిపోయేది. ఆఫీసు ఖాళీగా ఉన్నా హాజరు నిండుగా ఉండటం చూసి ప్రధాన కార్యాలయం అభినందన పంపింది.

రాజ్యం మాత్రం రోజూ వచ్చేది. తన బల్ల దగ్గర కూర్చుని తనిఖీకి అనుమతి కోరుతూ రోజూ ఒక అర్జీ పెట్టేది. ముందు శిరస్సంరక్షణ యాత్ర జరగనివ్వండి, ఆ తర్వాతే తనిఖీలు అని రోజూ జవాబొచ్చేది. యాత్ర అంటే, సిబ్బంది అంతా ఊళ్ళో ర్యాలీగా వెళ్ళి, మైదానంలో సంచాలకుల ఉపన్యాసం వినడం. ముందు వరసలో సంచాలకులే మోటారు సైకిలు మీద వెళ్తారని ఊరంతా బ్యానర్లు కట్టారు.

యాత్రకు ముందురోజు త్రివిక్రమరావు గారు భోగేశ్వరాన్నీ రాజ్యాన్నీ గదిలోకి పిలిచి తలుపు వేయించారు.

"ఒక చిన్న సాంకేతిక సమస్య" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగారు. "నాకు బండి నడపడం రాదు."

భోగేశ్వరం క్షణం ఆలోచించాడు. "బ్యానరులో మోటారు సైకిలు మీద అనే ఉన్నదండి. ముందు సీటా, వెనక సీటా అన్నది లేదు. తమరు వెనక కూర్చోవచ్చు."

"నడిపేదెవరు?"

భోగేశ్వరం తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఆయనకు కనిపించేవి అవే.

"నేను తీసుకెళ్తానండి. అయితే నా తెల్ల హెల్మెట్ పెట్టుకుంటాను. ఈ మీడియంతో నడపను" అంది రాజ్యం.

ఇది చిక్కు ప్రశ్న. భోగేశ్వరం చాలాసేపు గదిలో పచార్లు చేసి, ఒకసారి బీరువాకు గుద్దుకుని, అప్పుడు ఆగాడు.

"సంచాలకుల వారి వాహనాన్ని నడుపుతున్నంతసేపు ఈమె ఉద్యోగి కాదండి. వాహనంలో భాగం. వాహనపు విడిభాగాలకు హెల్మెట్ నియమం వర్తించదు. ఏదైనా పెట్టుకోవచ్చు."

"విడిభాగమైనా ఫరవాలేదండి" అంది రాజ్యం.

మర్నాడు పొద్దున్న యాత్ర బయలుదేరింది. ముందు బండి మీద రాజ్యం, వెనక ఆపాదమస్తకం కవచాలతో సంచాలకులు. వాళ్ళ వెనక సిబ్బంది బళ్ళు తోసుకుంటూ వస్తున్నారు. సందు చివర గతుకు మీద బండి ఎగిరింది. సంచాలకుల ఎక్స్‌ట్రా లార్జ్ హెల్మెట్ సగం తిరిగింది. అద్దం చెవి మీదికి పోయింది, కళ్ళకు చీకటి మిగిలింది. సర్దుకుందామంటే, కదులుతున్న బండి మీద ఎవరూ హెల్మెట్‌ను తాకరాదని ఆయనే రాసి ఉన్నారు.

"ఎంతవరకు వచ్చామమ్మా?" అని హెల్మెట్ లోపల్నుంచి అడిగారు.

బండి కూడలి దగ్గరికి వచ్చింది. ఎడమకు తిరిగితే మైదానం, కుడికి తిరిగితే మిల్లు.

"దగ్గరపడ్డామండి. గట్టిగా పట్టుకోండి" అని రాజ్యం కుడికి తిప్పింది.

ఆ క్షణంలో తను ఏమీ ఆలోచించలేదని తర్వాత ఆమె అందరికీ చెప్పింది. సూర్నారాయణ మాత్రం నమ్మలేదు. ముందురోజే ఆమె టాంకు నిండా పెట్రోలు కొట్టించడం ఆయన చూశాడు. మైదానానికి అంత పెట్రోలు అక్కర్లేదు.

వెనక సిబ్బందిలో హెల్మెట్ పెద్దదైనవాళ్ళకు తమ బూట్లూ, చిన్నదైనవాళ్ళకు గడ్డం కింది తాళ్ళూ తప్ప ఏమీ పట్టలేదు. వాళ్ళు ఎడమకు తిరిగి మైదానం చేరి, ఉపన్యాసం మొదలవలేదని సంతోషించి, నీడలో కూర్చున్నారు.

దారిపొడుగునా సంచాలకులు హెల్మెట్ లోపల ఉపన్యాసం వల్లె వేసుకుంటూనే ఉన్నారు. మిల్లు గేటు తెరిచే ఉంది. మేనేజరు చెల్లారావు మెట్ల మీద నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. బండి మీద నుంచి దిగిన ఆకారాన్ని చూసి పుల్ల కింద పడేశాడు. అలాంటి కవచాలతో తనిఖీకి వచ్చినవాణ్ణి అతను ఎన్నడూ చూడలేదు. సంచాలకులు అడుగుల చప్పుళ్ళు విని, సభ నిండుగా ఉందనుకుని, హెల్మెట్ సర్దుకోకుండానే చేతులు జోడించి మొదలుపెట్టారు.

"శిరోధారులైన నా సోదర సోదరీమణులారా."

మగ్గాల దగ్గర్నుంచి పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఆయన మాట్లాడుతున్నది వాళ్ళకు అటువైపు నుంచి వినిపిస్తోంది, హెల్మెట్ అద్దం ఇటువైపు ఉంది. అయినా మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఈలోగా రాజ్యం గోదాములోకి నడిచింది. ఏళ్ళ తరబడి ఆమె టైపు కొట్టిన పరీక్షలన్నీ ఇప్పుడు చేత్తో చేసింది. సంచి నిండా ఇసుక పోయించి ఎత్తించింది. మొదటిది నడుం దాకా లేచి ఆగిపోయింది. ఇసుక మాత్రం కిందకు వచ్చేసింది. రెండోదీ అంతే. మూడోది ఎత్తకుండానే విడిపోయింది.

చెల్లారావు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఈసారికి సూసీసి వదిలీండి. లోడు రెడీ అయిపోనాది. రేపే ఊళ్ళకి ఎల్లిపోవాల."

"ఆ ఊళ్ళే మా ఊళ్ళు బాబూ" అంది రాజ్యం.

చిరిగిన సంచి తీసుకుని బయటికి వచ్చేసరికి ఉపన్యాసం ముగిసింది. ఎవరో సాయం పట్టి సంచాలకుల హెల్మెట్ ఊడదీశారు. ఆయన చెమట తుడుచుకుని, చుట్టూ చూశారు. మగ్గాలు, నార కట్టలు, పీచు దుమ్ము పట్టిన మనుషులు.

"ఇది మైదానం కాదే" అన్నారు.

"కాదండి. మిల్లు" అంది రాజ్యం. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుంది. అయినా సంచి ఆయన చేతిలో పెట్టింది. "ఇది చూడండి."

ఆయన గ్లౌజు తొడిగిన చేతిని సంచి మీద ఆనించారు. చెయ్యి అటు నుంచి బయటికి వచ్చేసింది. వేళ్ళు ఆడించి చూసుకున్నారు. గ్లౌజు తీసేసి మళ్ళీ ముట్టుకున్నారు. చెల్లారావు అప్పటికే ఆయన కాళ్ళ దగ్గర వంగిపోయాడు.

"పెద్దోరు తమరే సొయంగా వచ్చేరంటే ఇంక మేవేటి సెప్తామండి. సరుకంతా ఎనక్కి తీయించెస్తాను. కొత్త నారేసి నేయిస్తాను."

త్రివిక్రమరావు గారు అతని మాట వింటున్నట్టు లేరు. "రాజ్యలక్ష్మి గారూ," అన్నారు మెల్లగా, "ఈ సంస్థలో చేరిన దగ్గర్నుంచి నేను సంచిని ముట్టుకోవడం ఇదే మొదలు. ఇంత అన్యాయంగా ఉంటాయా?"

"ఉండవండి. ఎవరూ రాకపోతేనే ఇలా ఉంటాయి."

ఆయన అక్కడే, నార కట్ట మీద కాగితం పెట్టుకుని, సరుకు తిరస్కరిస్తూ సంతకం చేశారు. తిరుగు ప్రయాణంలో కాలవ గట్టు మీద చల్లగాలి తగిలినప్పుడు, హెల్మెట్ లోపల్నుంచి, "హాయిగా ఉన్నదే" అన్న మాట రాజ్యానికి వినిపించింది.

ఆ వారంలోనే మంచి సంచులు ఊళ్ళకు వెళ్ళాయి. ప్రధాన కార్యాలయం వాళ్ళకు మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. సంస్థ పుట్టిన తర్వాత ఏ ఆకస్మిక తనిఖీ సంగతీ మిల్లులకు ముందుగా తెలియకుండా ఉండలేదు. ఈ ఒక్కటీ ఎలా దాగిందో వివరించమని సంచాలకులను అడిగారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. తనిఖీకి వెళ్తున్నట్టు ఆఖరు నిమిషం దాకా తనకు కూడా తెలియదని రాసి పంపారు.

ఆ జవాబు చదివి ప్రధాన కార్యాలయం పులకించిపోయింది. గోప్యతలో ఇంతకు మించిన ప్రమాణం లేదని తేల్చింది. ఇకపై ఆకస్మిక తనిఖీకి వెళ్ళే సంచాలకులందరూ తనిఖీదారు బండి వెనక సీటులో, కళ్ళను పూర్తిగా కప్పే ఎక్స్‌ట్రా లార్జ్ హెల్మెట్‌తో, ఎటు పోతున్నదీ తెలియకుండా వెళ్ళవలెనని రాష్ట్రమంతటికీ ఉత్తర్వు వెళ్ళింది. తనిఖీదారు విడిభాగం కనక తన తలకు సరిపోయే హెల్మెట్ పెట్టుకోవచ్చునని భోగేశ్వరం ఒక వివరణ కూడా జతపరిచాడు.

ఉత్తర్వు అందిన మర్నాడు పొద్దున్నే రాజ్యం బండి స్టార్టు చేసి మెట్ల ముందు నిలబడింది. త్రివిక్రమరావు గారు హెల్మెట్ ముందే కళ్ళ మీదికి దించుకుని, అప్పలసూరి చెయ్యి పట్టుకుని దిగివచ్చి, అలవాటైనవాడిలా వెనక సీటులో కూర్చున్నారు.

"ఎక్కడికో చెప్పకండమ్మా. ఉత్తర్వు ఒప్పుకోదు."

"చెప్పనండి" అంది రాజ్యం.

బండి గేటు దాటింది. కొంచెం దూరం పోయాక ఆయన ముందుకు వంగారు.

"ఎక్కడికైనా సరే, కాలవ గట్టు మీదుగా పోనిద్దురూ" అన్నారు.